పీహెచ్ 0.1 తగ్గితే ఏమవుతుంది?

పారిశ్రామిక విప్లవానికి ముందు సముద్ర ఉపరితల జలాల పీహెచ్ సుమారు 8.2. ఇప్పుడది 8.1 దరిదాపుల్లో ఉంది. తేడా స్వల్పమే కదా అని చాలామంది పొరబడేది ఇక్కడే. పీహెచ్ లాగరిథమిక్ కొలమానం కాబట్టి ఆమ్లత్వం దాదాపు 30 శాతం పెరిగినట్టు లెక్క. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి కార్బోనిక్ ఆమ్లంగా మారడమే ఇందుకు ప్రధాన కారణం.

మరి మనిషి ఆరోగ్యానికేం ముప్పు? సూడో-నిట్షియా అనే డయాటమ్‌లలో (సూక్ష్మ శైవలాల్లో) కొన్ని జాతులు డొమోయిక్ ఆమ్లమనే నాడీ విషాన్ని తయారుచేస్తాయి. నీటిలో ఆమ్లత్వం పెరిగినప్పుడు కొన్నిటిలో ఈ విషం ఎక్కువవుతుందని ప్రయోగశాలల్లో తేలింది. 1987లో కెనడాలో ఈ విషం చేరిన ఆల్చిప్పలు తిని వందమందికి పైగా జబ్బుపడ్డారు, కొందరు జ్ఞాపకశక్తినే కోల్పోయారు. వండినా ఈ విషం నశించదు.

ఇలా ఆమ్లత్వం పెరగడమే సముద్ర ఆమ్లీకరణ; దాని ప్రభావాలను తగ్గించడం సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లోని 14.3 ఉపలక్ష్యం.