కలివికోడి అన్వేషణ

ఆత్మకూరుకు సమీపాన సోమశిల వద్ద పెన్నానది తూర్పు కనుమలను దాటి మైదానంలో ప్రవేశిస్తుంది. ఉదయగిరి కొండలు కూడా ఆ కనుమలలోనివే. నెల్లూరులో పనిచేసిన జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడు ఈ కొండసీమల పొదల అడవులలో ఒక అపూర్వ పక్షిని గుర్తించాడు. 1848లో అది శాస్త్రలోకానికి పరిచయమయింది. అదే కలివికోడి. 1900 తరువాత దాని జాడ తెలియక, నశించిందని శాస్త్రజ్ఞులు భావించారు.

బొంబాయి సహజచరిత్ర సంఘ పరిశోధకుడు భరత్ భూషణ్ పల్లెపల్లెకు వెళ్ళి, బొమ్మ చూపి విచారించాడు. పుస్తకాలు గతించినదన్న పక్షి పల్లెవాసుల ఎరుకలో జీవించే ఉంది. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి వద్ద ఒక స్థానిక వేటగాడు రాత్రివేళ దీపపు వెలుగులో ఆ నిశాచర పక్షిని సజీవంగా పట్టి తెచ్చాడు. సుప్రసిద్ధ పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ దానిని చూడవచ్చేసరికి అది మరణించింది!

తరువాతి పరిశోధకులు పక్షిని తాకకుండా తెలుసుకొనే మార్గాలను అనుసరించారు. పొదల నడుమ మెత్తని మట్టి పరచి, అడుగుజాడలు పరిశీలించారు. స్వయంచాలక కెమెరాలు అమర్చారు. మునిమాపువేళ కూతలను ఆలకించారు. ప్రాణిని ఎరగాలనే తపన దాని ప్రాణానికే ముప్పు కాకూడదు. క్షేత్రపరిశోధకునికి జ్ఞానంతోపాటు సంయమనం కూడా అవసరం.

అర్థాలు: ఎరుక = తెలిసి ఉండటం; మునిమాపు = సాయంసంధ్య; సంయమనం = నిగ్రహం.

ప్రశ్న: పల్లెవాసుల ఎరుక శాస్త్రపరిశోధనకు ఎట్లా తోడ్పడిందో వివరించండి.