దొంగ చూస్తే తెలిసిపోయే తాళంచెవి

మనం ఉత్తరం రాస్తాం. కవరులో పెట్టి అంటిస్తాం. దారిలో ఎవరో నేర్పుగా విప్పి చదివారనుకోండి. మళ్లీ అంటిస్తే మనకు తెలుస్తుందా? తెలియదు.

ఫోనులో, కంప్యూటరులో పంపే రహస్యాలూ అంతే. అందుకే వాటికి అంకెలతో తాళం వేస్తారు. దాని తాళంచెవి కూడా అంకెలే. మరి ఆ చెవిని అవతలివారికి చేర్చేదెలా? దారిలో దొంగ చూడడా?

దీనికి శాస్త్రజ్ఞులు వెలుగును వాడుకున్నారు. వెలుగు చిన్న చిన్న రేణువులుగా వస్తుంది. ఒక్కో రేణువును ఫోటాన్ అంటారు. ఒక్కో ఫోటానుతో ఒక్కో అంకె పంపుతారు. ఫోటానుకు ఒక వింత గుణం ఉంది. దానికి సరైన నకలు తీయలేం. దొంగ ఫోటాన్లను పట్టి చూస్తే వాటిలో కొన్ని మారిపోతాయి. తర్వాత ఇద్దరూ కొన్ని అంకెలు సరిచూసుకుంటారు. తేడాలు ఎక్కువుంటే ఎవరో చూశారన్నమాట. వెంటనే ఆ చెవిని పారేస్తారు. అసలు రహస్యం ఇంకా పంపలేదు. కనుక నష్టం లేదు.

కానీ ఒక చిక్కుంది. గాజు తీగలో 100 కిలోమీటర్లు పోయేసరికి, నూరు ఫోటాన్లలో ఒక్కటే మిగులుతుంది. వెయ్యి కిలోమీటర్లు పంపాలంటే ఎలా?

ఆకాశంలో పైకి పోయేకొద్దీ గాలి పలచనవుతుంది. ఆపైన శూన్యమే. అక్కడ వెలుగుకు అడ్డు లేదు. అందుకే చైనా 2016 ఆగస్టు 16న ఒక ఉపగ్రహాన్ని పంపింది. దానికి తమ ప్రాచీన తత్వవేత్త మోజీ పేరు పెట్టింది. అది సుమారు 500 కిలోమీటర్ల ఎత్తులో తిరిగేది. 2017 సెప్టెంబరులో బీజింగ్, వియన్నా నగరాల శాస్త్రజ్ఞులు ఒకరినొకరు తెరమీద చూస్తూ మాట్లాడుకున్నారు. మధ్య దూరం 7,600 కిలోమీటర్లు! మాటలు మామూలు దారినే పోయాయి. తాళంచెవిని మాత్రం ఉపగ్రహం ఇచ్చింది.

అయితే ఆ చెవి ఉపగ్రహానికీ తెలుసు. కాబట్టి ఉపగ్రహం నడిపేవారిని నమ్మాలి. ఈ లోటు తీర్చాలని శాస్త్రజ్ఞులు పాటుపడుతున్నారు.

మన ఇస్రో కూడా 2021లో అహ్మదాబాదులో రెండు భవనాల మధ్య, 300 మీటర్ల దూరం, గాలిలో ఇలా చెవిని పంపి చూపింది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. తాళం ఎంత గట్టిదైనా, చెవిని మనమే ఇస్తే దొంగకు పని సులువు. బ్యాంకు కార్డు రహస్య అంకెలు ఎవరికీ చెప్పకండి.

చెప్పండి:
1. దొంగ చూసిన సంగతి ఎలా తెలుస్తుంది?
2. గాజు తీగ ఉండగా ఉపగ్రహం ఎందుకు కావలసి వచ్చింది?