మంచు కురిసే చోట ఇల్లు: మన అటక చెప్పే పాఠం

ఏ మంచు?

గడ్డి మీది తడినీ, దారి కనపడనివ్వని పొగలాంటి తెరనీ, కశ్మీర్‌లో కురిసేదాన్నీ తెలుగులో మంచు అనే అంటాం. పరీక్షలో జవాబు రాసేటప్పుడు మాత్రం ఇవి వేరు. మేఘంలో ఆవిరి నేరుగా మంచు స్ఫటికాలై కిందికి రాలితేనే హిమపాతం. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని సిర్పూర్(యూ), గిన్నెదరిలో ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోయినా హిమం కురవదు. సముద్రానికి దూరం, ఉత్తరం నుంచి వచ్చే పొడిగాలి, మబ్బులేని రాత్రి నేల వేడి వికిరణంగా పోవడం: ఆదిలాబాద్ చలికి ఈ మూడు కారణాలు రాస్తే చాలు.

రేకుల కింద చుక్కలు

జనవరి తెల్లవారుజామున రేకుల ఇంట్లో పడుకున్నవారికి ఇది తెలుసు. బయట చినుకు ఉండదు, దుప్పటి మీద మాత్రం చుక్క పడుతుంది. రాత్రంతా ఆకాశానికి వేడి వదిలి రేకు చల్లబడింది. మన ఊపిరిలోని ఆవిరి, పొయ్యి మీది ఎసరు ఆవిరి దాని అడుగున తగిలి నీరయ్యాయి. ఇదే సాంద్రీకరణం.

మంచు దేశాల్లో ఈ నీరు కంటికి కనపడకుండా గోడ మధ్యలోనే చేరుతుంది. ఉష్ణబంధకంగా నింపిన పీచు తడిస్తే పనికి రాదు, కొయ్య చట్రం కుళ్లుతుంది. అందుకే చలిదేశాల్లో ఆవిరిని ఆపే పొరను గోడకు లోపలి వైపు, అంటే వెచ్చని వైపు వేస్తారు. చాలామంది బయటి వైపని రాసి మార్కులు పోగొట్టుకుంటారు.

కప్పు, చూరు, అటక

లెక్క చూడండి. కొత్తగా కురిసిన మంచు ఘనపు మీటరుకు సుమారు 100 కిలోలు. 100 చదరపు మీటర్ల కప్పు మీద అర మీటరు మందాన పేరుకుంటే 5 టన్నులు. అంతే మందాన అణిగి గట్టిపడిన మంచు ఉంటే బరువు రెండు మూడింతలు. మన దేశంలో ఈ భారానికి ప్రమాణం ఐఎస్ 875, నాలుగో భాగం. మంచు జారిపోవాలని కశ్మీర్, మనాలి వైపు కప్పులు ఏటవాలుగా కడతారు. లేహ్‌లో మాత్రం పాత మట్టి ఇళ్ల కప్పులు చదునుగా ఉంటాయి. అక్కడ చలి ఎక్కువే గానీ వాన, మంచు కలిపినా ఏడాదికి సుమారు 100 మి.మీ. మాత్రమే. చలి వేరు, హిమభారం వేరు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఇంటి వేడి పైకి చేరితే కప్పు మీది మంచు అడుగున కరిగి జారి, చల్లని చూరు దగ్గర మళ్లీ గడ్డకడుతుంది. ఆ గడ్డ వెనుక నిలిచిన నీళ్లు ఇంట్లోకి దిగుతాయి. అందుకే అటక నేల మీద మందంగా ఉష్ణబంధకం పరిచి, అటకలోకి బయటి గాలి ఆడనిస్తారు.

అటక మనకూ ఉండేది. గూనపెంకల కప్పుకూ గదికీ మధ్య, ధాన్యం గుమ్ముల పైన, అది గాలి పొరగా పనిచేసేది. కరీంనగర్ మే ఎండనూ, ఆదిలాబాద్ జనవరి చలినీ ఒకేలా ఆపేది. స్లాబు వచ్చాక దాన్ని తీసేశాం, దాని బదులు ఏమీ పెట్టలేదు. నాకు ఇది పెద్ద నష్టంగానే కనిపిస్తుంది. 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం కప్పు యు-విలువ, అంటే ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరు గుండా పోయే వేడి, 1.2 వాట్లు దాటకూడదు. ఉత్త స్లాబు దానికి రెట్టింపు కంటే ఎక్కువే వదులుతుంది.

పునాది

నీరు గడ్డకడితే ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. నేలలో తేమ గడ్డకట్టి పునాదిని పైకి నెట్టకుండా, గడ్డకట్టే లోతుకు కిందనే పునాది వేస్తారు. ఆదిలాబాద్ పత్తి నేలల్లో ఇదే పని నల్లరేగడి చేస్తుంది: వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. కారణం వేరు, గోడ మీద బీట ఒకటే.

ఎండ

డిసెంబరు 21 మధ్యాహ్నం సూర్యుడు లేహ్‌లో సుమారు 32 డిగ్రీల ఎత్తున, ఆదిలాబాద్‌లో 47 డిగ్రీల ఎత్తున ఉంటాడు. లేహ్‌లో దక్షిణపు అద్దాల గుండా ఎండ గది లోపలిదాకా వస్తుంది. మనకు వేసవిలో ఎండ నడినెత్తినుంచి కప్పునే కాలుస్తుంది. ఎండను తిప్పికొట్టే కప్పుల కోసం తెలంగాణ కూల్ రూఫ్ విధానం 2023–28 పుట్టింది అందుకే.

సాధన ప్రశ్న: తెల్లని కప్పు కరీంనగర్ ఇంటికి మేలు చేస్తుంది, లేహ్ ఇంటికి ఎందుకు చేయదు? ఉష్ణవికిరణం ఆధారంగా 150 పదాల్లో వివరించండి.