దియెప్ తీరంలో ఒక ఉదయం

కెనడా చాలా పెద్ద దేశం. అమెరికాకు ఉత్తరాన ఉంటుంది. అక్కడ గోధుమలు బాగా పండుతాయి. 1930 తర్వాత ఆ దేశానికి కష్టకాలం వచ్చింది. ఒకపక్క వానల్లేక పంటలు ఎండాయి. ఇంకోపక్క ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. వయసులో ఉన్న కుర్రాళ్లు పని కోసం ఊరూరా తిరిగారు.

1939 సెప్టెంబరులో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. జర్మనీని ఏలే హిట్లర్ పక్క దేశాల మీద పడ్డాడు. కెనడా కూడా యుద్ధంలోకి దిగింది. వేలమంది కుర్రాళ్లు సైన్యంలో చేరారు. కొందరు దేశం కోసం చేరారు. కొందరు జీతం కోసం, కడుపు నిండా తిండి కోసం చేరారు. వయసు చాలనివాళ్లు కూడా వయసు ఎక్కువ చెప్పి చేరిపోయారు.

మొదట్లో సైనికుల బట్టలు అందరికీ చాలలేదు. పాత తుపాకులతోనే శిక్షణ మొదలైంది. తర్వాత ఓడలెక్కి ఇంగ్లండు చేరారు. చాలామంది అక్కడ రెండేళ్లు శిక్షణలోనే గడిపారు. ఇంటికి ఉత్తరాలు రాసేవారు. కానీ ఎక్కడున్నదీ రాయకూడదు. రాస్తే అధికారులు ఆ మాటలు కొట్టేసేవారు.

దియెప్ ఫ్రాన్సులో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. అప్పుడది జర్మనీ సైన్యం చేతిలో ఉంది. 1942 ఆగస్టు 19 తెల్లవారుజామున పడవలు ఆ తీరానికి బయలుదేరాయి. వాటిలో సుమారు 5 వేలమంది కెనడా సైనికులున్నారు. చాలామందికి అదే మొదటి పోరు.

తీరమంతా గులకరాళ్లే. కొన్ని టాంకులు ఆ రాళ్లలో ఇరుక్కుపోయాయి. గుట్టల మీద నుంచి శత్రువులు కాల్చారు. దాక్కునే చోటు లేదు. మధ్యాహ్నానికల్లా అంతా అయిపోయింది. ఆ దాడిలో 907 మంది కెనడా సైనికుల ప్రాణాలు పోయాయి. 1,946 మంది బందీలయ్యారు.

ఎందుకిలా జరిగింది? పథకంలోనే లోపాలున్నాయి. సాయంగా పెద్ద యుద్ధనౌకలు లేవు. పథకం వేసింది పెద్ద అధికారులు. ప్రాణాలు పోయింది మామూలు ఇళ్ల బిడ్డలవి.

మొదట పత్రికలు ఈ దాడిని గొప్పగా రాశాయి. కొన్నాళ్లకు చనిపోయినవారి పేర్లు అచ్చయ్యాయి. ఎన్నో ఇళ్లకు టెలిగ్రాములు వచ్చాయి. చనిపోయిన సైనికుల తల్లులకు, భార్యలకు ప్రభుత్వం వెండి శిలువ పతకం ఇచ్చింది. పతకం వచ్చింది గానీ కొడుకు తిరిగి రాలేదు గదా!

1944 సెప్టెంబరు 1న కెనడా సైన్యం మళ్లీ దియెప్ చేరింది. జర్మనీ సైన్యం అప్పటికే ఊరు విడిచి పోయింది. ఊరి జనం సంతోషంతో ఎదురొచ్చారు. సైనికులు తమ తోటివారి సమాధుల దగ్గర నివాళులు అర్పించారు.

యుద్ధం నుంచి తిరిగొచ్చినవారిలో చాలామంది ఏళ్ల తరబడి నోరు విప్పలేదు. ముసలితనంలో కొందరు తమ జ్ఞాపకాలు చెప్పారు. ఆ మాటల్ని రికార్డు చేసి, రాసి దాచారు. పాత ఉత్తరాలనూ భద్రపరిచారు. అందుకే ఆ ఉదయం ఏం జరిగిందో ఈనాడు మనకు తెలిసింది. రాసి పెట్టిన మాట మనిషి పోయినా నిలుస్తుంది.

కొత్త మాటలు

శిక్షణ = పని నేర్పడం
బందీ = శత్రువుకు పట్టుబడిన మనిషి
నివాళి = చనిపోయినవారికి చూపే గౌరవం

చదివి చెప్పండి

1. కుర్రాళ్లు సైన్యంలో ఎందుకు చేరారు?
2. టాంకులు ఎందుకు ఇరుక్కుపోయాయి?
3. దాడిలో ఎంతమంది బందీలయ్యారు? అంకెల్లో రాయండి.

కలిసి మాట్లాడుకోండి

మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన పాత సంగతి ఏదైనా ఉందా? దాన్ని నాలుగు వాక్యాల్లో రాయండి.