ప్రశ్నలు - జవాబులు: పక్కవాళ్ల పర్సు పోతుంటే...

ప్రశ్న: నేను జర్మనీలోని జీగెన్ యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తున్నాను. సెలవుల్లో స్నేహితురాళ్లతో కలిసి వెనిస్, రోమ్ వెళ్తున్నాను. అక్కడ జేబుదొంగలు ఎక్కువని అందరూ భయపెడుతున్నారు. మా జాగ్రత్తలో మేముంటాం. కానీ కళ్లముందే ఇంకెవరి పర్సో కొట్టేస్తుంటే ఇటాలియన్‌లో ఏమనాలి? మాకు ఆ భాష ఒక్క ముక్క రాదు.
- ఒక విద్యార్థిని, జీగెన్

జవాబు: ‘మనకెందుకులే’ అనుకోకుండా పక్కవాళ్ల గురించి అడిగినందుకు చాలా సంతోషమమ్మా. వ్యాకరణం జోలికి పోవద్దు. మూడు నాలుగు మాటలు గట్టిగా, తడుముకోకుండా అనగలిగితే చాలు.

మొదటిది ‘అత్తెన్‌త్సియోనే!’, అంటే జాగ్రత్త అని. అందులో ‘త్సి’ని మనం ‘చాప’లో చకారం పలికినట్టు పలకండి. వెనిస్‌లో మోనికా పోలీ అనే స్థానిక కౌన్సిలర్ ఈ మాటే అరుస్తూ తీసిన వీడియోలు 2023లో టిక్‌టాక్‌లో ప్రపంచమంతా తిరిగాయి. జేబుదొంగల మీద కన్నేసి ఉంచే ‘చిత్తాదీని నోన్ దిస్త్రాత్తి’ అనే పౌరుల బృందంలో ఆవిడ ఒకరు. ఆవిడ ఇటాలియన్ మాట వెనకే ‘పిక్‌పాకెట్!’ అని కూడా అరుస్తారు. వెనిస్‌లో మీ పక్కన నిలబడ్డవాళ్లు ఇటలీవాళ్లే కానక్కర్లేదు కదా! మీరూ రెండూ కలిపే అనండి.

నన్నడిగితే అంతకంటే పనికొచ్చే మాట ఇంకొకటుంది. ‘సిన్యోరా, లా బోర్సా ఎ అపెర్తా’, అంటే ‘అమ్మా, మీ బ్యాగు తెరిచి ఉంది’ అని. మగవాళ్లయితే ‘సిన్యోరే’ అనండి. వీపున తగిలించుకునే బ్యాగయితే ‘లో ద్జాయినో ఎ అపెర్తో’. ఇందులో ఎవరినీ దొంగ అనడం లేదు. వినగానే ఆవిడ చెయ్యి బ్యాగు మీదికి వెళ్తుంది, దొంగ చెయ్యి వెనక్కి పోతుంది. రోమ్‌లో టెర్మినీ స్టేషన్ నుంచి వాటికన్ వైపు వెళ్లే 64వ నంబరు బస్సు జేబుదొంగలకు పేరుపడింది. అలాంటి కిక్కిరిసిన చోట ఇదే మేలు. బట్టలో, ఒంటిరంగో చూసి ఎవరినీ అనుమానించకండి. పరాయి దేశంలో ఆ చూపు ఎలా గుచ్చుకుంటుందో మనవాళ్లకు వేరే చెప్పాలా?

‘ఆల్ లాద్రో!’ అంటే ‘దొంగ, దొంగ!’ అని. దొంగతనం మీ కళ్లతో చూసినప్పుడు మాత్రమే ఆ కేక వెయ్యండి. వెంటపడొద్దు, 112కి ఫోన్ చెయ్యండి.

ఇక పలకడం నేర్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు. 1955లో పశ్చిమ జర్మనీ ఇటలీతో కార్మికుల ఒప్పందం చేసుకున్నాక ఎన్నో ఇటాలియన్ కుటుంబాలు జర్మనీలో స్థిరపడ్డాయి. ఇటలీవాళ్లు నడిపే ఐస్‌క్రీమ్ షాపుకో, పిజ్జేరియాకో రద్దీ లేని వేళ వెళ్లి, ఈ మాటలు ఒకటికి రెండుసార్లు చెప్పించుకోండి. జర్మన్‌లో అడిగితే మీకు అదీ అభ్యాసమవుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి కూడా జీగెన్‌లోనే చదువుతున్నాడు, ఇటలీ వెళ్తానంటున్నాడు. పాస్‌పోర్టు పోతుందేమోనని నా భయం. రూములోనే పెట్టి వెళ్లమననా?
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: అలా కుదరదండీ. జర్మనీ రెసిడెన్స్ కార్డుతో పాటు పాస్‌పోర్టు కూడా వెంట ఉండాల్సిందే. రెంటినీ బట్టల లోపలి సంచీలో పెట్టుకోమనండి. ఫొటోలు తీసి మీకు కూడా పంపమనండి.

ఒకవేళ పోతే పోలీస్ స్టేషన్‌లో ‘మి అన్నో రుబాతో ఇల్ పస్సపోర్తో’ అనాలి. నా పాస్‌పోర్టు కొట్టేశారు అని. అక్కడిచ్చే ఫిర్యాదు కాగితాన్ని ‘దెనూంచా’ అంటారు. అది లేకుండా బయటికి రావద్దని గట్టిగా చెప్పండి. రోమ్‌లో భారత రాయబార కార్యాలయం, మిలాన్‌లో కాన్సులేట్ ఉన్నాయి. వెళ్లినప్పుడు ఆ కాగితం చూపించాలి. జర్మనీ బ్యాంకు కార్డు కూడా పోతే +49 116 116కి ఫోన్ చేసి ఆపించాలి. ఆ నంబరు ఫోన్‌ ఒక్కదాంట్లోనే ఉంటే, ఫోన్ పోయిన రోజు దిక్కుండదు. కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోమనండి.