ఉప్పు పరీక్ష

పాఠ్యభాగ పరిచయం

ఒక మందు పనిచేస్తుందని మనకు ఎలా తెలుస్తుంది? వాడినవారికి నయమైతే సరిపోతుందా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకుతూ 1835లో జర్మనీలోని ఒక నగర పౌరులు చేసిన పరీక్షను ప్రస్తుత పాఠ్యభాగం వివరిస్తుంది. హోమియోపతిని ఉదాహరణగా తీసుకొని, వైద్య విషయాలలో నమ్మకానికీ నిరూపణకూ గల భేదాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

పాఠం

జలుబు గురించి మన పెద్దలు ఒక చమత్కారం చెబుతుంటారు. మందు వేసుకుంటే అది వారంలో తగ్గుతుందట. వేసుకోకపోతే ఏడు రోజులు పడుతుందట! నవ్వు పుట్టించే ఈ మాటలో వైద్యశాస్త్రానికి సంబంధించిన పెద్ద చిక్కు దాగి ఉంది. మందు వేసుకున్నాం, రోగం తగ్గింది. అయితే మందు వల్లనే తగ్గిందని ఎలా చెప్పగలం?

ఇటువంటి సందర్భాన్నే మన పూర్వులు కాకతాళీయ న్యాయం అన్నారు. తాటిచెట్టు మీద కాకి వాలింది. అదే క్షణంలో పండు రాలింది. కాకి వాలడం వల్లనే పండు రాలిందని చూసినవాడు అనుకున్నాడు. పండు అప్పటికే ముగ్గి, రాలడానికి సిద్ధంగా ఉన్న సంగతి అతనికి తెలియదు. ఒకదాని వెంట ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది కారణమనీ, రెండవది కార్యమనీ నిర్ణయించరాదని ఈ న్యాయం బోధిస్తుంది. దీనిని వైద్యానికి అన్వయించి చూడడానికి హోమియోపతి చరిత్ర చక్కగా ఉపకరిస్తుంది.

ఒక బెరడు - రెండు దారులు

హోమియోపతి స్థాపకుడైన శామ్యూల్ హానిమన్ 1755లో జర్మనీలోని మైసెన్ పట్టణంలో జన్మించాడు. ఆనాటి ఐరోపా వైద్యం రోగికి మేలుకంటే కీడే ఎక్కువగా చేసేది. సిరలు కోసి రక్తం తీసేవారు. విరేచనాలు, వాంతులు చేయించి రోగిని నీరసింపజేసేవారు. పాదరసంతో చేసిన విషతుల్యమైన మందులు ఇచ్చేవారు. ఈ పద్ధతులతో విసిగిపోయిన హానిమన్ వైద్యవృత్తికి దూరంగా జరిగి, గ్రంథాలను అనువదిస్తూ జీవనం సాగించాడు.

1790లో స్కాట్లండు వైద్యుడు విలియం కల్లెన్ గ్రంథాన్ని అనువదిస్తున్నప్పుడు, సింకోనా బెరడు చలిజ్వరాన్ని ఎలా తగ్గిస్తుందన్న విషయంలో ఆయన చెప్పిన కారణం హానిమన్‌కు నచ్చలేదు. తానే కొన్నాళ్ళు ఆ బెరడును సేవించి చూశాడు. చలిజ్వరం వంటి లక్షణాలు తనలో కనిపించాయని రాశాడు. ఏ పదార్థం ఆరోగ్యవంతునిలో కొన్ని లక్షణాలను పుట్టిస్తుందో, ఆ పదార్థమే రోగిలోని అటువంటి లక్షణాలను పోగొడుతుందనే సూత్రాన్ని 1796లో ప్రకటించాడు. 1810లో వెలువడిన 'ఆర్గనాన్' అనే గ్రంథంలో ఈ సిద్ధాంతాన్ని విస్తరించాడు.

తన శరీరం మీద తానే ప్రయోగం చేసుకున్న హానిమన్ సాహసం మెచ్చదగినదే. కాని అది ఒక్క మనిషి అనుభవం. సింకోనా సేవించిన ఆరోగ్యవంతులకు సాధారణంగా చలిజ్వరం రాదు. అదే బెరడును వేరొక దారిలో పరిశీలించినవారు ఉన్నారు. 1820లో ఫ్రాన్సు దేశస్థులైన పెల్తియే, కవాంతూ ఆ బెరడు నుండి క్వినైన్ అనే పదార్థాన్ని వేరు చేశారు. 1880లో లావరాన్ మలేరియా రోగి రక్తంలో ఒక సూక్ష్మజీవిని చూశాడు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో ఆ జీవి ఎదుగుతున్న దశను కనుగొన్నాడు. క్వినైన్ మలేరియాను తగ్గించేది రక్తంలోని ఆ సూక్ష్మజీవిని చంపడం వల్ల. అది ఆరోగ్యవంతునికి చలిజ్వరం తెప్పిస్తుందా లేదా అన్నదానితో ఈ ఫలితానికి సంబంధం లేదు. హానిమన్ సిద్ధాంతానికి పునాదిరాయి అయిన ఉదాహరణే ఇలా వేరొక కారణాన్ని వెల్లడించింది.

మందు ఎక్కడ ఉంది?

హోమియోపతిలోని రెండవ సూత్రం మందును పలుచన చేయడం. ఒక వంతు మందును తొంభైతొమ్మిది వంతుల నీటిలోనో సారాయిలోనో కలిపి కుదుపుతారు. దానిలో నుండి ఒక వంతు తీసి మళ్ళీ తొంభైతొమ్మిది వంతులలో కలుపుతారు. ఇలా ముప్పైసార్లు చేస్తే వచ్చేదానిని '30సి' అంటారు. పలుచన చేసి కుదిపినకొద్దీ మందుకు శక్తి పెరుగుతుందని ఆ వైద్యుల విశ్వాసం.

లెక్క వేసి చూద్దాం. ముప్పైసార్లు పలుచన చేయడమంటే, 1 పక్కన 60 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యలో ఒక వంతుకు మందును తగ్గించడం. 58.5 గ్రాముల ఉప్పులో ఉండే కణాల జతల సంఖ్య 6 పక్కన 23 సున్నాలు మాత్రమే. కనుక పన్నెండవ పలుచన దాటేసరికి అసలు పదార్థపు కణం ఒక్కటైనా మిగిలే అవకాశం సన్నగిల్లుతుంది. 30సి మందులో ఒక్క కణం దొరకాలంటే సూర్యుని ద్రవ్యరాశికి పదివేల రెట్లకు పైగా నీటిని తాగవలసి ఉంటుంది! అణువుల సంఖ్యను లెక్కగట్టే మార్గం హానిమన్ కాలంలో లేదు. దాని తొలి అంచనాను లోష్మిట్ 1865లో గాని అందించలేదు. అందువలన హానిమన్‌ను తప్పుపట్టనవసరం లేదు. కాని ఆ లెక్క తెలిసిన మనం దానిని విస్మరించరాదు.

న్యూరెంబర్గ్ పౌరుల పరీక్ష

"లెక్క ఎలా ఉన్నా సరే, మందు పనిచేస్తున్నది కదా!" అని ఎవరైనా అనవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. దానికి సమాధానం వాదంలో దొరకదు, పరీక్షలోనే దొరుకుతుంది. అణువుల లెక్క తెలియక ముందే న్యూరెంబర్గ్ పౌరులు అటువంటి పరీక్షకు పూనుకొన్నారు.

ఆ నగరంలో ప్రజారోగ్యాధికారి అయిన ఫాన్ హోవెన్ హోమియోపతిని విమర్శిస్తూ ఒక పుస్తకం రాశాడు. హోమియోపతి వైద్యుడు రాయిటర్ దానికి బదులిచ్చాడు. ఉప్పును ముప్పైసార్లు పలుచన చేసి ఆరోగ్యవంతులకు ఇచ్చినా, వారిలో విశేష లక్షణాలు కనిపిస్తాయని సవాలు చేశాడు. పత్రికా సంపాదకుడైన లోనర్ చొరవతో 1835లో ఒక భోజనశాలలో సభ జరిగింది. 120 మందికి పైగా పౌరులు హాజరయ్యారు.

నిర్వాహకులు పాటించిన పద్ధతి మిక్కిలి గమనింపదగినది. వంద చిన్న సీసాలకు అంకెలు వేశారు. వాటిని కలగాపులగం చేసి రెండు భాగాలు చేశారు. ఒక భాగంలో మంచును కరిగించి శుద్ధిచేసిన నీటిని మాత్రమే పోశారు. రెండవ భాగంలో అదే నీటితో చేసిన 30సి ఉప్పు ద్రావణాన్ని పోశారు. ఏ అంకె గల సీసాలో ఏముందో రాసిన పట్టికకు ముద్ర వేసి భద్రపరిచారు. సీసా పుచ్చుకొన్నవారికి గాని, పంచినవారికి గాని అందులో ఏముందో తెలియదు.

మూడు వారాల తరువాత పౌరులు మళ్ళీ సమావేశమయ్యారు. పాల్గొన్న 54 మందిలో 50 మంది తమ అనుభవాలను తెలిపారు. వారిలో 42 మంది తమకేమీ కాలేదన్నారు. ఎనిమిది మంది మాత్రం ఏదో మార్పు కలిగిందన్నారు. అప్పుడు పట్టిక ముద్రను తొలగించారు. ఆ ఎనిమిది మందిలో ఐదుగురు ఉప్పు ద్రావణాన్ని తాగినవారు. ముగ్గురు ఉత్త నీటిని తాగినవారు!

ఆ ముగ్గురూ అబద్ధం చెప్పారని అనుకోనవసరం లేదు. మూడు వారాల పాటు తన శరీరాన్ని తానే కనిపెట్టుకొని కూర్చున్న మనిషికి ఏదో ఒక మార్పు తోచడం సహజం. వారి అనుభవం నిజమే. అయితే దానికి కారణం సీసాలోని మందు కాదు. ఈ ఒక్క సత్యాన్ని బయటపెట్టడానికే ఉత్త నీటి సీసాలు అవసరమయ్యాయి.

మరి నయమైనవారి మాట?

హోమియో గుళికలు వాడి కోలుకొన్నామని చెప్పేవారు మన ఇళ్ళలోనే ఉంటారు. వారిని అపహసించడం సంస్కారం కాదు. వారు కోలుకోవడానికి కారణాలు మాత్రం అనేకం ఉండవచ్చు. జలుబు, గొంతునొప్పి, విరేచనాలు వంటివి చాలావరకు వాటంతట అవే తగ్గిపోతాయి. కీళ్ళనొప్పి, ఉబ్బసం వంటివి హెచ్చుతూ తగ్గుతూ ఉంటాయి. బాధ హెచ్చినప్పుడే వైద్యుని వద్దకు వెళతాం కనుక ఆ తరువాత కొంత తగ్గడం సహజం. మందు వేసుకున్నామన్న ధైర్యం కూడ బాధను కొంత ఉపశమింపజేస్తుంది. రోగి చెప్పేదంతా ఓపికగా వినే వైద్యుడు దొరకడం కూడ ఒక ఊరటే. ఈ గుణాన్ని హోమియోపతి వైద్యుల నుండి ఇతర వైద్యులు నేర్చుకోవలసి ఉంది.

ఈ కారణాలను మినహాయించిన తరువాత మందు వల్ల ఏమైనా మేలు మిగులుతున్నదా అన్నదే అసలు ప్రశ్న. న్యూరెంబర్గ్ పరీక్ష చిన్నది. దానితోనే తీర్పు చెప్పలేం. తరువాతి కాలంలో అనేక పరీక్షలు జరిగాయి. ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి వాటిని సమీక్షించి, హోమియోపతి ఫలప్రదమని చెప్పడానికి నమ్మదగిన ఆధారాలున్న వ్యాధి ఒక్కటి కూడ లేదని 2015లో ప్రకటించింది. ఇంగ్లండు జాతీయ ఆరోగ్య సేవాసంస్థ 2017లో ఈ మందులను రాయవద్దని వైద్యులకు సూచించింది. మన దేశంలో 1973 నాటి చట్టం, దాని స్థానంలో వచ్చిన 2020 నాటి చట్టం హోమియోపతి విద్యను, వృత్తిని క్రమబద్ధం చేశాయి. అయితే చట్టం ఇచ్చేది గుర్తింపు. మందు పనిచేస్తుందని నిరూపించవలసింది పరీక్ష.

ప్రమాదం ఎక్కడ?

"తీపి గుళికల వల్ల నష్టమేముంది?" అని కొందరు అడుగుతారు. జలుబు విషయంలో నష్టం స్వల్పమే. అన్ని రోగాలూ జలుబులు కావు. మన పల్లెలలో కామెర్లకు పసరు మందు పోయడం పరిపాటి. కలుషితమైన నీటి వల్ల వచ్చే కామెర్లు చాలావరకు కొన్ని వారాలలో వాటంతట అవే తగ్గుతాయి. పేరు పసరుకు దక్కుతుంది. కాని పిత్తనాళానికి అడ్డు ఏర్పడడం వల్ల వచ్చిన కామెర్లకు కూడ అదే పసరును నమ్ముకొని కూర్చుంటే, చికిత్సకు అనువైన కాలం గడిచిపోతుంది. పిచ్చికుక్క కరిచినప్పుడు గాయాన్ని వెంటనే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, టీకా వేయించుకోవాలి. నాటుమందుతో సరిపెట్టుకొంటే, రోగలక్షణాలు కనిపించిన తరువాత ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. ఇన్సులిన్ మీద ఆధారపడిన మధుమేహ రోగి దానిని మానివేస్తే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఇటువంటి వేళల్లో ఉత్త నీరు కూడ హాని చేసినట్లే అవుతుంది. అది చేసే హాని కాలహరణం.

సంశయం ద్వేషం కాదు

సంశయించడమంటే ప్రాచీనమైన దానినంతా తోసిపుచ్చడం కాదు. మన దేశంలో తరతరాలుగా వాడుకలో ఉన్న సర్పగంధ వేరు రక్తపోటును తగ్గిస్తుందని రుస్తుం జాల్ వకీల్ రోగుల మీద పరిశీలించి 1949లో ప్రకటించాడు. ప్రాచీన చైనా వైద్యగ్రంథంలోని సూచనను అనుసరించి తూ యూయూ ఒక మొక్క నుండి మలేరియా మందును సాధించి, 2015లో నోబెల్ బహుమతిని పొందింది. ఆ మందులు పాతవైనందుకు అంగీకరింపబడలేదు. పరీక్షకు నిలిచినందుకు అంగీకరింపబడ్డాయి. కొత్త మందులకైనా ఇదే నియమం వర్తిస్తుంది. పెద్ద కంపెనీ తయారుచేసిందన్న కారణంతో ఏ మాత్రనూ గుడ్డిగా నమ్మనవసరం లేదు.

ఎవరైనా ఒక మందును గొప్పగా పొగిడినప్పుడు మనం వినయంగా ఒక ప్రశ్న వేయాలి. "దీనిని వాడనివారికి ఏమైంది?" అన్నదే ఆ ప్రశ్న. కాకి వాలిన చెట్టుతోపాటు కాకి వాలని చెట్టును కూడ చూడడం నేర్చుకొన్ననాడు, ఏ పండు ఎందుకు రాలిందో మనకు తెలుస్తుంది.

కఠిన పదాలకు అర్థాలు

కార్యం - కారణం వల్ల కలిగే ఫలితం
విషతుల్యం - విషంతో సమానమైనది
విస్మరించు - మరచిపోవు
అపహసించు - ఎగతాళి చేయు
ఉపశమింపజేయు - తగ్గించు
పరిపాటి - అలవాటు, వాడుక
కాలహరణం - సమయాన్ని వృథా చేయడం

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. న్యూరెంబర్గ్ పౌరులు జరిపిన ఉప్పు పరీక్షను వివరించి, అందులోని ఉత్త నీటి సీసాల ఆవశ్యకతను తెలపండి.
2. మందు వాడినవారికి నయం కావడానికి గల వివిధ కారణాలను పాఠం ఆధారంగా చర్చించండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. కాకతాళీయ న్యాయాన్ని మీ అనుభవంలోని ఒక ఉదాహరణతో వివరించండి.
2. సింకోనా బెరడు విషయంలో హానిమన్ నిర్ణయానికీ, తరువాతి పరిశోధనలకూ గల భేదమేమి?
3. సంశయం ద్వేషం కాదని రచయిత ఎందుకు అన్నాడు?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. 'ఆర్గనాన్' ఏ సంవత్సరంలో వెలువడింది?
2. రొనాల్డ్ రాస్ తన పరిశోధనను ఏ నగరంలో జరిపాడు?
3. సర్పగంధ వేరు దేనిని తగ్గిస్తుంది?