హాఫ్‌వే హోమ్‌కు సర్కారు గ్రాంటు వస్తుందా?

ప్రశ్న: హనుమకొండలో మిత్రులం కలిసి ఒక సొసైటీ నడుపుతున్నాం. ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక అనారోగ్యానికి మందులు వాడి కుదుటపడినా, ఇంట్లోవాళ్లు తీసుకెళ్లడానికి జంకే మనుషులకు ఆశ్రయమివ్వాలని ఉంది. ప్రభుత్వం నిధులిస్తుందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఇస్తుందండీ, కాకపోతే ఓపిక కావాలి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం డబ్బు ప్రధానంగా ప్రభుత్వ ఆసుపత్రుల సిబ్బందికి, మందులకే పోతుంది. దానిమీద ఆశ పెట్టుకోకండి. మీకు పనికొచ్చేది కేంద్రం ఇచ్చే దీన్‌దయాళ్ దివ్యాంగుల పునరావాస పథకం. చికిత్సతో నిలకడకు వచ్చినవారి కోసం నడిపే హాఫ్‌వే హోమ్‌కు, ఆమోదించిన ఖర్చులో 90 శాతం దాకా గ్రాంటు ఇస్తారు. సొసైటీకి రెండేళ్లు నిండాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద రిజిస్ట్రేషన్, స్వచ్ఛంద సంస్థలకిచ్చే దర్పణ్ నంబరు ఉండాలి. దరఖాస్తు ఈ-అనుదాన్ పోర్టల్‌లో.

చాలామంది బోల్తాపడేది ఇంకోచోట. మనుషుల్ని ఉంచుకుని సంరక్షించాలంటే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదు తప్పనిసరి. ముందు ఆ పని చూడండి. హాజరు పట్టీ, జీతాల ఓచర్లు, మందుల రిజిస్టరు మొదటి రోజు నుంచే రాయండి. తనిఖీకొచ్చినప్పుడు కూర్చుని రాస్తే సిరా రంగే పట్టిస్తుంది! గ్రాంటు చేతికందేదాకా అద్దె, వంటఖర్చు మీవే. ఈలోగా మీ దగ్గరికొచ్చే కుటుంబాలకు మానసిక సమస్యలకు ఫోన్లో సలహా ఇచ్చే టెలీ మానస్ ఉచిత నంబరు 14416 ఇవ్వండి. తెలుగులోనే మాట్లాడతారు.